ముక్కు మాస్కులోంచి గాలి పోతోందా?

నిద్రలో గురకపెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగిపోయే జబ్బుకి డాక్టర్లు సీపాప్ మిషను వాడమంటారు. ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్ బృందం 1981లో ప్రకటించిన ఉపాయమిది. మాస్కు ద్వారా వచ్చే గాలి ఒత్తిడి, గొంతుదారి మూసుకుపోకుండా చూస్తుంది. ఆ గాలి పక్కలనుంచి పోయిందంటే ఊపిరి మళ్ళీ ఆగుతుంది, కళ్ళు మండుతాయి. విసుగెత్తి మీవారు మాస్కు తీసి పక్కన పడేస్తారు.

గాలి పోతోందనగానే పట్టీలు బిగించేయకండి. మెత్తటి అంచు గాలికి ఉబ్బి మొహానికి అతుక్కోవాలి. మరీ బిగిస్తే అది నలిగి, గాలి ఇంకా ఎక్కువ పోతుంది, చర్మమూ ఒరుసుకుపోతుంది. ఆయన పడుకున్నాక, మిషను నడుస్తుండగా, మాస్కుని కాస్త పైకి లేపి మెల్లగా మళ్ళీ కూర్చోబెట్టండి. తర్వాత పట్టీలు రెండువైపులా సమంగా సర్దండి.

గజపతినగరంలాంటి మన ఊళ్ళలో ఉక్కపోత జాస్తి. చెమట, తలనూనె అంటితే మాస్కు జారిపోతుంది. రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళతో, కాస్త సబ్బుతో అంచుని కడిగి నీడలో ఆరబెట్టండి. పడుకోబోయేముందు ఆయన్ని మొహం కడుక్కోమనండి. గడ్డం పెరిగినా గాలి పోతుంది. నోరు తెరిచి నిద్రపోయేవారికి ముక్కూ నోరూ కప్పే మాస్కు అవసరమేమో డాక్టరుగారిని అడగండి.

ఒక్కమాట! మాస్కుకుండే సన్నని చిల్లుల్లోంచి ఎప్పుడూ గాలి వస్తూనే ఉంటుంది. అది లోపం కాదు, వదిలిన ఊపిరి బయటికి పోయే దారి. వాటిని మాత్రం మూయకండి సుమా!