రాగి బాయిలరు నడుమ గొట్టం

స్నానాల గది పక్కన నిలబెట్టే రాగి బాయిలరులో నీళ్లు త్వరగా కాగితే ఆ గొప్ప రాగిదేనని మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. నేనలా అనుకోను. ఆ ఘనత దాని నడుమ ఉన్న గొట్టానిది. పొయ్యిమీది కాగుకు సెగ అడుగున మాత్రమే తగులుతుంది, మిగిలింది పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది. బాయిలరులో జల్లెడ మీద సర్కారు కంపో, చెనక్కాయ పొట్టో మండితే, మంటా పొగా నీళ్ల మధ్యలోంచే పైకి పోవాలి. కంప కొట్టి తెచ్చుకునే ముదిగుబ్బలాంటి కరువు సీమలో ఇది చిన్న లాభం కాదు. ఈ ఊహకు వయసు చాలానే ఉంది. 1778లో రష్యాలోని తూలాలో లిసిత్సిన్ సోదరులు పెట్టిన కార్ఖానాలో తయారైన సమోవార్లు, అంటే టీకి నీళ్లు కాచే పాత్రలు, పనిచేసింది ఈ సూత్రం మీదే. 1812 ప్రాంతంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో రిచర్డ్ ట్రెవితిక్ ఆవిరి బాయిలరు కడుపులోనే మంట పెట్టాడు. ముదిగుబ్బ మీదుగా పోయే ఒకప్పటి ధర్మవరం–పాకాల మీటర్‌గేజి లైనులో తిరిగిన ఆవిరి ఇంజన్లలోనూ పొగ నీళ్ల మధ్య గొట్టాల గుండానే సాగేది.

రాగి ఇనుము కన్నా అయిదు రెట్లు, స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా పాతిక రెట్లు మెరుగ్గా వేడిని మోస్తుంది కదా అంటారు. నిజమే. కానీ వేడికి అసలు అడ్డు రేకు కాదు, గొట్టం గోడను అంటుకుని ఉండే పొగ పొర. ఆ పొరను దాటడంలో ఉన్న కష్టం ముందు ఒక మిల్లీమీటరు రేకు ఏ లోహమైనా లెక్కలోకి రాదు. పైగా మన బోరునీళ్లు లోపల గార కట్టిస్తాయి. ఆ గార ఒక మిల్లీమీటరు మందాన పేరుకుంటే వందల మిల్లీమీటర్ల రాగి అడ్డుపడ్డట్టే. మరి పెద్దలు రాగినే ఎందుకు కోరారు? ఇనుములా తుప్పు పట్టదు, సుత్తికి లొంగుతుంది, చిల్లి పడితే మాటు వేయించుకోవచ్చు, పాతబడ్డా మంచి ధర పలుకుతుంది. నా దృష్టిలో ఇవి వేడిని మోసే గుణం కన్నా పెద్ద కారణాలు.

ఈ పాత రాగి బాయిలర్లను కొందరు ఇంట్లో బీరు కాచుకునే పాత్రలుగా మార్చుకుంటున్నారు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా బీరు కాచడం నేరం. అమెరికాలో 1978 చట్టం ఇంటి అవసరానికి అనుమతించింది గనుక, అలా మార్చుకోవచ్చా అన్న ప్రశ్న అక్కడి తెలుగువాళ్లకు ఎదురుకావచ్చు. బీరు కాచడంలో రాగికి నిజమైన పని ఉంది. మొలకెత్తిన బార్లీ తీపి రసం బెల్లం పాకంలా అడుగంటుతుంది. రాగి సెగను అడుగంతా పరిచి మాడకుండా కాపాడుతుంది, గంధకపు వాసననూ పట్టేస్తుంది. స్కాచ్ విస్కీ బట్టీలు నేటికీ రాగివే కావడానికి అదొక కారణం. అయితే ఆ బట్టీలు తాగే సరుకు కోసమే చేసినవి. స్నానపు నీళ్ల బాయిలరు అలాంటిది కాదు. దాని అతుకుల్లో సీసం కలిసిన మాటు ఉండవచ్చు. ఆ రసానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, గంటకు పైగా మరుగుతుంది. సీసం అందులోకి దిగే వీలుంది. మన తాగునీటి ప్రమాణాల్లో వేరే నీరు దొరకనప్పుడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా రాగిని ఒప్పుకుంటారు, సీసానికి మాత్రం 0.01 దగ్గరే గీత గీశారు. రుచిలోనూ రంగులోనూ తెలియని విషానికి అంత కట్టడి ఉండాల్సిందే. కళాయి పూయిస్తే సరిపోదా? కళాయి అంటే తగరమే, అది 232 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్లు తగ్గి గొట్టం బయటపడిన చోట పూత నిలవదు. ఇరుకు మూతిలోంచి చెయ్యి పోదు, గొట్టం చుట్టూ పట్టిన జిగురును తోమలేము. కాబట్టి అలాంటి బాయిలరును వేడినీళ్లకే ఉంచి, రసాన్ని సీసం లేని అతుకులున్న, నోరు పెద్దదైన పాత్రలో కాచడమే నాకు సబబుగా తోస్తుంది.

రాగి వేడిని మోసే గుణం పూర్తిగా అక్కరకొచ్చేది మేడమీది సోలార్ హీటరులో. అందులో పలుచని నల్ల రేకు మీద పడిన ఎండ ఆ రేకు వెంటే పక్కకు నడిచి నీటి గొట్టాన్ని చేరాలి. మామూలు స్టీలు రేకైతే దారిలోనే చాలా వేడి పోతుంది. అక్కడ కట్టె అక్కర్లేదు, అనంతపురం సీమలో ఎండకు కరువూ లేదు.