లాకు దాటిన సూక్ష్మజీవులు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు చదువుకునే వయసులోనే ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో దూరమయ్యారు. వాళ్లను పొట్టన పెట్టుకున్న జబ్బు స్ప్రూ. మన వైపు సంగ్రహణి అనేవారు. ఆగని విరేచనాలు, పూసిన నాలుక, పాలిపోయిన ముఖం. ఎంత తిన్నా ఒంటికి పట్టక మనిషి చిక్కి శల్యమైపోతాడు.

ఈ జబ్బులో పెద్దపేగు బ్యాక్టీరియాది పెద్ద పాత్ర. పెద్దపేగులో ఒక్క గ్రాముకు పదివేల కోట్ల దాకా ఉండే సూక్ష్మజీవులు అక్కడ ఉన్నంతకాలం మనకు మేలే చేస్తాయి. చిన్నపేగు పైభాగంలో మాత్రం మిల్లీలీటరుకు అవి సాధారణంగా వెయ్యికి మించవు. జీర్ణాశయంలోని ఆమ్లం, పైత్యరసం వాటిని అణచి ఉంచుతాయి. పేగు కదలిక ఎప్పటికప్పుడు కిందికి నెట్టేస్తుంది. రెండు పేగులూ కలిసేచోట ఉన్న కవాటం, గోదావరి కాలువ మీది లాకు తలుపులా, అవి ఎదురెక్కకుండా చూస్తుంది.

కాలువ పారుతుంటే గుర్రపుడెక్క కొట్టుకుపోతుంది. నీళ్లు నిలిస్తే అల్లుకుపోతుంది. పేగులోనూ అంతే. ఒక విరేచనాల జబ్బు తర్వాత కదలిక మందగిస్తే ఇ.కోలై, క్లెబ్సియెల్లా వంటివి చిన్నపేగులో తిష్ఠ వేస్తాయి. వాటి విషాలకు పేగు లోపలి పొర దెబ్బతింటుంది, ఆహారంలోని ఫోలిక్ ఆమ్లం రక్తంలోకి చేరదు. అది లేనిదే ఎముక మజ్జలో ఎర్రకణాలు సరిగా తయారుకావు. కొన్ని రోజులకోసారి కొత్తగా పుట్టాల్సిన ఆ పేగు పొర కూడా కోలుకోలేదు. పొర పాడై ఫోలిక్ ఆమ్లం అందదు, అది అందక పొర మరింత పాడవుతుంది.

ఈ సూక్ష్మజీవులు పేగు గోడ దాటి బయటికీ వెళ్లగలవు.

ఆ గోడ లోపలి పొర మందం ఒక్క కణమే. దాన్ని దాటి రక్తంలో పడ్డవాటిని ముందుగా కాలేయంలోని రక్షక కణాలు మింగేస్తాయి. కాలేయం గట్టిపడి ఆ కాపలా సడలినవారిలో, కడుపులో చేరిన నీటికీ ఇన్ఫెక్షన్ సోకుతుంది. అపెండిక్స్ పగిలితే గోడకే గండి పడినట్టు. మూత్రనాళానికి దారి వేరు: మలద్వారం దగ్గరి ఇ.కోలై శరీరం వెలుపలి నుంచే పాకుతుంది. మూత్ర ఇన్ఫెక్షన్లలో అత్యధికం దానివల్లే.

1923లో అమెరికా వెళ్లిన సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. అది 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. నేటికీ స్ప్రూ రోగికి వైద్యులు ఆ రెండు రకాల మందులనే కలిపి నెలల తరబడి ఇస్తారు. పేగులో తిష్ఠ వేసిన బ్యాక్టీరియాను టెట్రాసైక్లిన్ తుడిచేస్తే, లోపలి పొర మళ్లీ మొలవడానికి ఫోలిక్ ఆమ్లం తోడ్పడుతుంది.