ఇంటి విమానం.. ఎగరాలంటే!
తయారీ నుంచి అనుమతి దాకా ఔత్సాహికులకు సూచనలు

ఉంగుటూరు: గన్నవరం విమానాశ్రయంలో దిగే విమానాలను నిత్యం చూసే ఉంగుటూరు మండల యువతకు గగనయానంపై మక్కువ సహజం. నూజివీడు మామిడి తోటలకు పోయే దారిలోని ఈ పల్లెల్లో కోతలు ముగిసిన వరి చేను చాలు.. రిమోట్‌తో నడిచే నమూనా విమానానికి అదే రన్‌వే. అయితే వేల రూపాయలు వెచ్చించి తయారు చేసిన విమానం తొలి ప్రయత్నంలోనే కూలిపోతే శ్రమంతా వృథా. చిన్నపాటి జాగ్రత్తలతో ఆ నష్టాన్ని నివారించవచ్చు.

తయారీ ఇలా..
మొదటి విమానానికి ఖరీదైన బాల్సా కర్ర అవసరం లేదు. థర్మోకోల్ లేదా ఫోమ్ షీటు సరిపోతుంది. మీటరు పొడవు రెక్కకు మధ్యలో సన్నని వెదురు బద్ద అతికిస్తే వంగిపోదు. వెయ్యి కేవీ బ్రష్‌లెస్ మోటారు, 30 ఆంపియర్ల స్పీడ్ కంట్రోలర్, 9 గ్రాముల సర్వోలు, మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ, 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ అమర్చుకోవాలి. కేవీ అంటే ఒక వోల్టుకు మోటారు తిరిగే చుట్ల సంఖ్య. 11.1 వోల్టుల బ్యాటరీతో ఈ మోటారు, ఫ్యాను లేనప్పుడు, నిమిషానికి 11 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. అందుకే ఇంట్లో పరీక్షించేటప్పుడు ఫ్యానును తప్పక విప్పేయాలి. వేళ్లు తెగే ప్రమాదం ఉంది.

రంగు అందానికే కాదు
ఎనామిల్, స్ప్రే రంగుల్లోని ద్రావకాలు థర్మోకోల్‌ను కరిగించేస్తాయి. నీటితో కలిపే అక్రిలిక్ రంగునే పలుచగా పూయాలి. పూత మందమైతే బరువు పెరుగుతుంది. రెక్క పైభాగానికి లేత రంగు, అడుగుకు ముదురు రంగు వేస్తే విమానం ఏ వైపు తిరిగిందో దూరం నుంచే తెలుస్తుంది. ఆకుపచ్చ మాత్రం వద్దు. మామిడి తోటలో పడితే వెతకడం కష్టం.

లోపాలు.. సవరణలు
కూలిపోవడానికి ప్రధాన కారణం బరువు సమతూకం తప్పడమే. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే ముందు అంచు నుంచి 5 నుంచి 6 సెంటీమీటర్ల వద్ద రెండు వేళ్లపై నిలిపితే విమానం సమంగా నిలవాలి. ముక్కు పదేపదే పైకి లేచి పడిపోతుంటే తోక బరువైనట్లు. బ్యాటరీని ముందుకు జరపాలి. మోటారు వేగం పెంచగానే ఎడమకు లాగుతుంటే మోటారును స్వల్పంగా కుడికి వంచి బిగించాలి. కర్రను కుడికి తోస్తే కుడి రెక్క ఎయిలరాన్ పైకి లేవాలి. ఈ పరీక్ష ప్రతిసారీ చేయాలి. విమానం మనవైపు వస్తున్నప్పుడు ఏ రెక్క వాలితే కర్రను ఆ వైపే తోయాలి. సంకేతం తెగితే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవాలి.

ఒక్కో సెల్ 4.2 వోల్టులకు మించి ఛార్జి కాకూడదు. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. ఛార్జింగ్ పెట్టి ఇంటి నుంచి వెళ్లరాదు. ఎండలో నిలిపిన బండి పెట్టెలో ఉంచరాదు. నిప్పు అంటుకునే అవకాశం ఉంది.

విమానాశ్రయం పక్కనే..
అన్నింటికన్నా ముఖ్యమైనది అనుమతి. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన డ్రోన్ నిబంధనల పరిధిలోకి నమూనా విమానాలూ వస్తాయి. వాటి ప్రకారం విమానాశ్రయ ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా ఎగరవేయరాదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకే అవకాశం. ఆపైన గగనతల నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. కొన్ని గ్రామాలు గన్నవరానికి దగ్గర, కొన్ని దూరం. కనుక ఊరి పేరునుబట్టి కాక, పౌర విమానయాన శాఖ ఆన్‌లైన్ గగనతల పటంలో తమ చేను ఏ పరిధిలో ఉందో చూసుకున్నాకే రిమోట్ చేతపట్టాలి. మన సరదా విమానం, ప్రయాణికులతో దిగే విమానానికి అడ్డు కాకూడదు.