సౌలతు ఉత్తగనే రాదు

మా తమ్ముడు దక్షిణ కొరియాల, సియోల్‌కు దగ్గరున్న సువాన్ పట్నంల కొలువు చేస్తడు. పోయిన చలికాలం మరదలికి నెలలు నిండినయి. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. గందుకే కాన్పుకు నేనే పోయిన, మూడు నెలలున్న. తిరిగొచ్చిన కాడికెల్లి ఎవరు కలిసినా ఒక్కటే అడుగుడు: "ఆడ అన్నీ మిషన్లే చేస్తయటగదా?" చేస్తయి, అబద్ధం లేదు. గని ఆ మిషన్ల వెనుక నేను చూసింది వేరే ముచ్చట. గదే చెప్త.

ముందు ఇంటికాడికెల్లి మొదలువెడత. తలుపుకు తాళంచెవి లేదు, నంబర్లు నొక్కాలె. మొదటి వారం ఆ నంబరు అరచేతుల రాసుకోని తిరిగిన. బయట మంచు పడుతున్నా ఇంట్ల కాళ్లకింద నేల వెచ్చగుంటది. దీన్ని ఓన్డోల్ అంటరు. ఎనకట పొయ్యిల మంట పెడితే ఆ వేడి, పొగ నేల బండల కిందికెల్లి పోయి అవుతలి దిక్కు గొట్టంలకెల్లి ఎల్లేది. ఇప్పుడు నేల కింద పైపులల్ల వేడినీళ్లు తిరుగుతయి. బాలింతకు కుంపటి ఎట్ల పెట్టాల్నో అని రంది పడుకుంట పోయిన నాకు, ఇల్లే కుంపటైంది.

కిమ్చీకి వేరే ఫ్రిజ్ ఉంటది. క్యాబేజీకి ఉప్పు, కారం పట్టించి పులియబెట్టేది కిమ్చీ. మనకు తొక్కు ఎట్లనో ఆళ్లకది అట్ల. ఎనకట జాడీలల్ల నింపి భూమిల పాతిపెడుతుండె. మట్టి లోపల సల్లదనం ఒక్కతీరుగ ఉంటది, గడ్డకట్టది, జల్ది పులవది. జనం అపార్టుమెంట్లకు ఎక్కినంక పాతెటందుకు మట్టేది? ఆ మట్టి పనిని చేసే ఫ్రిజ్ 1990ల నడుమ నుంచి ఇంటింటికి వచ్చింది. మిషన్ వచ్చి అలవాటును మార్చలే, అలవాటే మిషన్‌ను తెచ్చుకున్నది.

నాకు అన్నిట్లకన్న నచ్చింది మాత్రం చెత్త డబ్బా. నవ్వకుండ్రి.

అపార్టుమెంట్ కింద ఎంగిలి, మిగిలిన కూడు వేసెటందుకు ఒక డబ్బా ఉంటది. కార్డు ఆనిస్తే మూత తెరుసుకుంటది. వేసినంక తూకమేసి చూపెడతది. ఆ లెక్క మన ఇంటి నంబరు మీద ఎక్కుతది, నెలకోసారి మెయింటెనెన్స్ బిల్లుల కలుస్తది. మొదటి దినం మిగిలిన పప్పుచారు గట్లనే గుమ్మరిచ్చిన. మరదలు నవ్వింది: "వదినా, నీళ్లకు సుత పైసలు కట్టినవ్." మర్నాటికెల్లి వడగట్టుడు నేర్సుకున్న. వారం తిరగకముందే పిడికెడు తక్కువ వండుడు సుత నేర్సుకున్న. బొక్కలు, గుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు అండ్ల వెయ్యొద్దు. ఎందుకంటే ఆ ఎంగిలి కొంత పశువుల దాణా అయితది, కొంత ఎరువు, కొంత గ్యాస్ అయితది. పశువు తినలేంది మామూలు చెత్తల పోవాలె. ఆ మామూలు చెత్తకు మునిసిపాలిటీ ముద్రున్న సంచే కొనాలె. సంచి ధరలనే చెత్త ఎత్తే ఖర్చుంటది.

ఈ పద్ధతి ఒక్కదినంల రాలే. 1978 కెల్లి 1993 దాంక సియోల్ చెత్తను హాన్ నది పక్కనున్న నాంజిడోల పోసిండ్రు. ఒకప్పుడు పూలకు పేరుపడ్డ జాగ అది. పదిహేనేండ్లల్ల దాదాపు వంద మీటర్ల ఎత్తు గుట్టలు లేసినయి. ఆ గుట్టల కాడ చెత్త ఏరుకోని బతికిన పేదల గుడిసెలుండె. ఇప్పుడు దాని మీద మన్ను కప్పి పార్కు చేసిండ్రు. 1995ల సంచులకు పైసలు పెట్టిండ్రు. 2005ల ఎంగిలి కూడును నేరుగ పూడ్చుడు బందు చేసిండ్రు. 2013ల ఎంత పారేస్తే అంత కట్టే పద్ధతి దేశమంతట తెచ్చిండ్రు. ముందుగాల చట్టమొచ్చింది, దాని ఎంబడి డబ్బా వచ్చింది.

నాంజిడో సంగతి వింటుంటే నాకు మన హైదరాబాద్ చెత్తను మోసే జవహర్‌నగర్ గుట్ట యాదికొచ్చింది. ఆడి జనం వాసనతోని, పాడైన నీళ్లతోని ఎన్నేండ్లసంది గోస పడుతున్నరో మనకెరికే. తూకమేసే డబ్బా కొనుక్కొచ్చుడు అల్కన. ఇంట్ల విడదీసిన తడి చెత్త, పొడి చెత్త లారీల మళ్ల ఒక్కటి కాకుండ చూసుడే కష్టం.

ఇంకో ముచ్చట. ఒకనాడు తెల్లారుజామున నాలుగింటికి పసిపిల్ల ఏడిస్తే ఎత్తుకోని తిరుగుతున్న. తలుపు అవుతల చప్పుడైంది. తెరిసి చూస్తే రాత్రి ఆర్డర్ పెట్టిన డైపర్ల డబ్బా గడప ముందున్నది. తెచ్చిన మనిషి అప్పటికే లిఫ్టు దిక్కు ఉరుకుతున్నడు. ఆడ సామాను గడప ముందట పెట్టి పోతరు, ఎవరూ ముట్టరు. మస్తు సౌలతు. గని ఆ ఉరుకుడు నా కండ్లల్లకెల్లి పోలే.

తమ్ముడినడిగితే చెప్పిండు. 2020ల, కరోనా కాలంల పార్సిళ్లు మోసేటోళ్లు పదిమందికి పైగ సచ్చిపోయిండ్రు. పని భారంతోనే పోయిండ్రని కుటుంబాలు, యూనియన్లు రోడ్డెక్కినయి. అప్పటిదాంక బండ్లు నడిపేటోళ్లే పొద్దుగాల గంటల కొద్ది పార్సిళ్లను ఏరి వేరు చేసుకునేది, దానికి కూలి లేకుండె. 2021 జనవరిల ఆ పని కంపెనీలదే అని ఒప్పందమైంది. 2020 కెల్లి ఆగస్టు 14ను పార్సిళ్లు లేని దినంగ పెట్టుకున్నరు. ఆ ఒక్క దినం సెలవు సుత అడిగితేనే వచ్చింది. మన పట్నంల పది నిమిషాల్ల సరుకులు తెచ్చే పోరగాండ్లను చూసినప్పుడల్లా నాకు ఆ లిఫ్టు కాడి మనిషే కనబడుతడు.

అందరికీ సౌలతు ఒక్కతీరుగ అందదు సుత. ఒక దుకాణంల తిండి అడిగెటందుకు మనిషే లేడు, తెర మీద నొక్కాలె. నా ముందట ఒక ముసలవ్వ నిలబడ్డది. చదువొచ్చిన మనిషే. గని ఆమె ఒకటి ఎతికేలోపల తెర మొదటికి పోతున్నది. రెండుమాట్ల చూసి, ఎనుక లైన్ల ఉన్నోళ్లకు తలవంచి, ఉత్త చేతులతోని ఎల్లిపోయింది. నాకు కొరియా మాట రాదు, ఆపి సాయం చేద్దామంటే నోరు లేకపాయె.

ఇప్పుడు ఎవరన్న "మనకు సుత గట్లాంటి మిషన్లు రావాలె" అంటే నేను కాదనను. రావాలె. దాంతోపాటు చట్టం రావాలె, మోసేటోనికి నిద్ర దొరకాలె, ఆ అవ్వకు జవాబు చెప్పే మనిషి ఒకరుండాలె. మా ఇంటికాడ కార్డు లేదు, తూకం లేదు. అయినా పప్పుచారు ఇప్పటికీ పిడికెడు తక్కువనే పెడుతున్న.