గుక్కెడు ఇంకు కోసం ఇన్ని ఉపాయాలు

హాబీ క్లబ్బులో స్టాంపుల వాళ్లకీ, నాణేల వాళ్లకీ ఉన్న వెసులుబాటు ఇంకు పెన్నుల వాళ్లకి లేదు. వాళ్లు ఆల్బం తెరిచి బల్ల మీద పెడితే చాలు, చూసేవాళ్లు చూసుకుంటారు. పెన్నుని అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తే మాత్రం సగమే చూపించినట్టు. మూత తీసి, ఇంకు పోసి, కాగితం మీద పాళీని ఆడిస్తేనే దాని సత్తా తెలుస్తుంది. అందుకే మా క్లబ్బులో నా వంతు వచ్చిన ఆదివారం పద్నాలుగు పాత పెన్నులూ, రెండు ఇంకు బుడ్లూ, నీళ్ల గిన్నే, పాత పంచె గుడ్డలూ పట్టుకెళ్లాను.

తెల్ల తువ్వాలు పరిచి వాటిని పేర్చేటప్పుడు కంపెనీల వరస పాటించలేదు, ధరల వరసా పాటించలేదు. ఏ పెన్ను ఇంకు ఎలా తాగుతుందో, ఆ వరసలో పెట్టాను. నా లెక్కలో ఫౌంటెన్ పెన్ను చరిత్రంతా ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది: గుక్కెడు ఇంకు గొట్టంలోకి ఎక్కించడం ఎలా, ఎక్కినదాన్ని కక్కకుండా ఆపడం ఎలా?

ఈ తాపత్రయం వెయ్యేళ్ల నాటిది. పదో శతాబ్దంలో ఈజిప్టును ఏలిన ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్, తలకిందులు చేసినా చెయ్యీ బట్టా పాడవని, సిరాని తన కడుపులోనే దాచుకునే కలం కావాలని చేయించుకున్నాడట. ఆయన కొలువులోని న్యాయాధికారి అల్ నూమాన్ ఆ సంగతి రాసిపెట్టాడు. కలం మాత్రం మనదాకా రాలేదు. ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్లు పైబడ్డాక, 1827లో, పారిస్‌లో చదువుకుంటున్న రుమేనియా కుర్రాడు పెత్రాకే పోయెనారు ఇలాంటి కలానికే ఫ్రాన్సులో పేటెంటు పొందాడు. హంస ఈక గొట్టమే దానికి ఇంకు తొట్టి.

అయినా చిక్కు విడిపోలేదు. పాత నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెట్టి వంచి చూడండి. నూనె గుటుకు గుటుకుమంటూ తెగి తెగి పడుతుంది. గాలి పోవడానికి రెండో చిల్లు పెడితే ధార నిలకడగా వస్తుంది. పెన్నుకీ అదే సూత్రం. బొట్టు ఇంకు బయటికొస్తే బొట్టంత గాలి లోపలికి పోవాలి. న్యూయార్కులో లూయీ వాటర్‌మన్ 1884లో పేటెంటు తీసుకున్నది సరిగ్గా ఈ ఏర్పాటుకే. పాళీ కింద ఉండే నల్లటి నాలుకలో వెంట్రుకంత సన్నటి గాళ్లు కోసి, ఒకే దారిలో ఇంకు దిగేటట్టూ గాలి ఎక్కేటట్టూ చేశాడు. ఆయన బీమా ఒప్పందం మీద ఇంకు ఒలికిపోయి బేరం చెడితే పట్టుదలతో ఈ పెన్ను కనిపెట్టాడని ఒక కథ చెబుతారు. దానికి ఆనాటి సాక్ష్యం లేదు కాబట్టి క్లబ్బులో నేను చెప్పలేదు. నాలుకను పీకి భూతద్దం కింద పెడితే ఆ గాళ్లు కనిపిస్తాయి. కథ కన్నా ఆ దృశ్యమే నాకు ఎక్కువ.

ఆ కాలపు పెన్నుల ఒళ్లంతా ఎబొనైటు, అంటే రబ్బరుకి గంధకం బాగా దట్టించి ఉడికించి గట్టిపరిచిన సరుకు. బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే అగ్గిపుల్ల గీసినప్పటి వాసన వస్తుంది. ప్లాస్టిక్కుకీ దీనికీ తేడా పట్టడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. ఒక పెన్ను చేతిలో పెట్టానో లేదో, వరసగా పది మంది రుద్ది వాసన చూశారు. దాని పక్కనే ఖాకీ రంగు మూత ఉన్న పెన్ను ఒకటి పెట్టాను. నేను కొన్నప్పుడు ఆ మూత కూడా నల్లగా నిగనిగలాడేదే. లోపల గడ్డకట్టిన ఇంకు కరగాలని వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టాను. తెల్లారి చూస్తే ఎండిన ఆకు రంగుకి తిరిగింది. నీళ్లూ వేడీ ఎండా ఎబొనైటు రంగుని తినేస్తాయని నాకు అలా తెలిసింది. కొత్తగా పెన్నులు పోగేసేవాళ్లు చల్లటి నీళ్లు, అదీ పాళీ వైపుకే వాడండి.

మొదట్లో అన్నీ డ్రాపరుతో ఇంకు పోసుకునే పెన్నులే. చేతులు ఖరాబవుతున్నాయని లోపల రబ్బరు తిత్తి పెట్టారు. ఆ తిత్తిని నొక్కడానికి ఎన్ని ఉపాయాలో! అమెరికాలోని టొలీడో ఊరి కాంక్లిన్ కంపెనీ పెన్ను పక్కకి నెలవంక లాంటి ఇత్తడి రేకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని నొక్కి వదిలితే తిత్తి ఇంకుని పీల్చుకుంటుంది. రచయిత మార్క్ ట్వేన్ ఈ పెన్నుని తెగ మెచ్చుకున్నాడు. మెచ్చిన కారణాల్లో ఒకటి, ఆ రేకు అడ్డుపడి పెన్ను బల్ల మీంచి దొర్లిపోకపోవడం. అయొవా రాష్ట్రంలో నగల దుకాణం నడిపిన వాల్టర్ షెఫర్ 1908లో పక్కన మీటకి పేటెంటు పొందాడు. నా దగ్గరున్న మీట పెన్నుని విప్పి కాగితం మీద దులిపితే తిత్తి ముక్కలుగా రాలింది, అచ్చం వేరుశనగ పొట్టులా. ఎంత పేరున్న పెన్నయినా కొన్ని దశాబ్దాలకి తిత్తి గతి అంతే. 1929లో జర్మనీ పెలికాన్ తిత్తినే తీసేసి, వెనక మర తిప్పితే లోపల ముషలకం (పిస్టను) జరిగే పద్ధతి తెచ్చింది.

అతి చిన్న పెన్ను ఏదని ఒకరు అడిగారు. వాటర్‌మన్ కంపెనీ బొమ్మల కోసమన్నట్టు చేసిన ‘డాల్ పెన్’ రెండంగుళాలు కూడా ఉండదు. అయినా పాళీ, నాలుక, మూత అన్నీ ఉండి నిజంగా రాస్తుంది. అది నా దగ్గర లేదు, ఇకముందు దొరుకుతుందన్న ఆశా లేదు. అతి పెద్దది మాత్రం మన హైదరాబాదుదే. ఆచార్య మాకునూరి శ్రీనివాస తయారుచేసిన పెన్ను పొడవు 5.5 మీటర్లు, బరువు 37.23 కిలోలు. 2011 ఏప్రిల్ 24న కొలిచి గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు. అది బాల్ పెన్ను, మా కులం కాదు. అయినా మన ఊరిది కాబట్టి గర్వంగానే చెప్పాను.

ఖరీదు మాటకొస్తే, 1999లో లండన్ హారడ్స్ దుకాణంలో స్విట్జర్లాండు కంపెనీ కారన్ డాష్ పెన్ను ఒకటి 1,69,000 పౌండ్లకి అమ్మకానికి పెట్టారు. దాని ఒంటి నిండా 5,072 వజ్రాలు, 96 కెంపులు. దాన్ని చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. 1965లో పార్కర్ చేసిన 4,821 పెన్నుల్లో ఒక్కటైనా పట్టుకోవాలని మాత్రం ఉంది. 1715లో ఫ్లారిడా తీరాన తుపానుకి మునిగిన స్పెయిన్ ఓడల నుంచి పైకి తీసిన వెండితో చేసినవి అవి. రెండున్నర శతాబ్దాలు సముద్రం అడుగున పడి ఉన్న వెండి జేబులోకి ఎక్కిందన్నమాట. మోఁబ్లాఁ పెన్ను పాళీ మీద 4810 అని చూసి ఒక పిల్లాడు “సీరియల్ నంబరా అంకుల్?” అని అడిగాడు. ఆ కంపెనీకి పేరిచ్చిన కొండ ఎత్తు అది, మీటర్లలో.

ఎక్కువ సేపు చేతులు మారింది పార్కర్ 51. కంపెనీ పెట్టి 51 ఏళ్లయిన 1939లో పుట్టింది కాబట్టి ఆ పేరు. పెన్ను అమెరికా బజారులోకి వచ్చింది 1941లో. త్వరగా ఆరే ఇంకు కాగితం మీదే ఆరాలి గానీ పాళీ మీద ఆరకూడదని పాళీని ముసుగు కింద దాచారు, కొస మాత్రమే బయటికి కనిపిస్తుంది. 1945 మే 7న ఫ్రాన్సులోని రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు సంతకాలయ్యాక మిత్రదేశాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ పెన్నులు రెంటిని ‘వి’ ఆకారంలో పట్టుకుని నవ్వుతున్న ఫొటో ఉంది. సెప్టెంబరు 2న మిజోరి యుద్ధనౌక మీద జపాను లొంగుబాటు పత్రాలపై అమెరికా జనరల్ మెకార్థర్ చాలా పెన్నులతో సంతకం చేశాడు. వాటిలో ఎర్రటి పార్కర్ డ్యుయోఫోల్డు ఆయన భార్యది. ఇంకు పెన్నుకి అంతకు మించిన వైభవం లేదు. అదే ఏడాది అక్టోబరు 29న న్యూయార్కులోని గింబెల్స్ దుకాణంలో పన్నెండున్నర డాలర్ల బాల్ పెన్నులు అమ్మకానికొచ్చాయి. ఒక్క రోజులో పదివేల దాకా అమ్ముడుపోయాయి. పట్టం కట్టిన సంవత్సరంలోనే పోటీదారు గుమ్మంలోకి వచ్చేశాడు.

వరసలో చివర మా నాన్నగారి పెన్ను పెట్టాను. రాజమండ్రిది, నల్ల ఎబొనైటు, డ్రాపరుతో ఇంకు పోసుకునేది. ఆ ఊళ్లో కె.వి. రత్నం 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన చేసిన పెన్ను గ్రామ పరిశ్రమల సంఘం జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. దాంతో రాసి చూసిన గాంధీజీ, బజారులో దొరికే విదేశీ పెన్నులకి బదులు ఇది నిలుస్తుందని 1935 జులైలో వార్ధా నుంచి ఉత్తరం రాశారు. ఎబొనైటు కడ్డీని లేతు మీద చేత్తో తిప్పి తీర్చిన పెన్నులు అవి. తిత్తి లేదు, మీట లేదు, ముషలకం లేదు, కాబట్టి చివకడానికీ తుప్పుపట్టడానికీ లోపల ఏమీ లేదు. నేను తెచ్చిన పద్నాలుగింటిలో అప్పటికప్పుడు ఇంకు పోస్తే మారాం చెయ్యకుండా రాసింది అదొక్కటే. దానికి ఒకటే చెడ్డ గుణం. ఇంకు అడుగంటినప్పుడు చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి, బొట్టు టపీమని రాలుతుంది.

అది చెప్పబోతుండగా వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చారు. సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసు బయట ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసినవారు. “సగం కాగానే నింపేసుకునేవాళ్లం బాబూ, అడుగుదాకా రానిస్తే పార్టీ కాగితం మీద కక్కేది” అన్నారు. ఒకరి పెన్ను ఇంకొకరు పట్టుకుంటే పాళీ చెడుతుందని మన ఇళ్లలో ఒక భయం ఉంది. పాళీ బంగారమైనా కొసన ఉండేది ఇరిడియం జాతి గట్టి లోహం, ఒక్క పేజీకి అరగదు. అందుకే పెన్ను ఆయన చేతికిచ్చాను. కూర్చుని పంచె సర్దుకుని, మూత తీసి పెన్ను వెనక తగిలించి, చూపుడువేలి గోటి మీద పాళీ తడి చూసుకుని మొదలుపెట్టారు. తారీఖు, విక్రయ దస్తావేజు, జిల్లా పేరు, నాలుగు సరిహద్దుల మాట, గుండ్రటి అక్షరాలతో ముప్పావు పేజీ ఆగకుండా రాశారు. అమ్మినవారి పేరు రావలసిన చోట ఖాళీ వదిలి, పాళీని గుడ్డతో ఒత్తి తుడిచి, మూత బిగించి నా చేతికిచ్చారు. ఆ కాగితాన్ని నాన్నగారి పెన్ను పెట్టెలోనే ఉంచాను.