సైన్స్ పుస్తకానికీ ఒక ఊరుంటుంది

"పిన్నీ, నా నీడ తప్పు వైపు పడుతోంది!"

మెల్‌బోర్న్ నుంచి వీడియో కాల్‌లో మా అక్క కొడుకు అన్న మాట ఇది. వాడికి తొమ్మిదేళ్లు. అక్కావాళ్లు మూడేళ్ల ఉద్యోగం మీద అక్కడికి వెళ్లారు, అయిపోగానే హైదరాబాద్ వచ్చేస్తారు. ఈలోపు బడి మార్చి, మళ్లీ మార్చడం ఎందుకని ఇంట్లోనే చదివిస్తున్నారు. ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన ఒక సైన్స్ పుస్తకంలో పుల్ల పాతి నీడను గీసే కృత్యం ఉంది. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు పడినట్టు పక్కనే బొమ్మ వేశారు. వీడికేమో దక్షిణం వైపు పడింది. వీడు ఏం చేశాడంటే, గీసిన గీతను రబ్బరుతో చెరిపేసి పుస్తకంలో ఉన్నట్టే గీసుకున్నాడు. అయినా అనుమానం తీరక నాకు ఫోన్ చేశాడు.

ఆ రబ్బరు సంగతి విన్నాక నాకు మనసు కుదుటపడలేదు. కళ్లారా చూసినదాన్ని పుస్తకం కోసం చెరిపేయడం అలవాటైతే, పిల్లలకు సైన్స్‌లో ఎన్ని మార్కులొచ్చినా ఏం లాభం?

నిజానికి పుల్లదీ తప్పు లేదు, పుస్తకానిదీ పెద్ద తప్పు లేదు. మెల్‌బోర్న్ దక్షిణార్ధగోళంలో, సుమారు 38 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. సూర్యుడు దక్షిణంగా ఎంత జరిగినా మకరరేఖను, అంటే 23.4 డిగ్రీలను దాటడు. అందుకే మెల్‌బోర్న్ వాళ్లకు ఏడాది పొడవునా మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఢిల్లీలో దీనికి సరిగ్గా తలకిందులు. ఆ నగరం కర్కటరేఖకు పైన, 28.6 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే.

మరి హైదరాబాద్‌లో? ఇక్కడ అక్షాంశం 17.4 డిగ్రీలు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో నిటారుగా పాతిన పుల్లకు నీడే కనిపించదు. ఆ రెండు తేదీల మధ్య దాదాపు మూడు నెలలు హైదరాబాద్‌లో కూడా మధ్యాహ్నం నీడ దక్షిణం వైపే పడుతుంది. అంటే ఆ పుస్తకంలోని బొమ్మ మెల్‌బోర్న్‌లోనే కాదు, జూన్‌లో మన ఇంటి డాబా మీద కూడా పొసగదు. బడిలో చదువుకునే రోజుల్లో మాలో ఎవరమూ ఇది గమనించలేదు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలోకి ఎవరు వెళ్లనిచ్చారు కనుక!

విదేశాల్లో ఉంటూ పిల్లలకు ఇంట్లో చదువు చెప్పే తల్లిదండ్రులు పుస్తకాలు ఎంచుకునేటప్పుడు ధర చూస్తారు, సిలబస్ చూస్తారు. ఆ పుస్తకం ఏ ఊళ్లో నిలబడి మాట్లాడుతోందో కూడా చూడాలి. మన పుస్తకాల్లో శుక్లపక్ష అష్టమినాటి అర్ధచంద్రుడికి కుడివైపు వెలుగు ఉంటుంది. మెల్‌బోర్న్‌లో అదే చంద్రుడికి ఎడమవైపు వెలుగు కనిపిస్తుంది. మనం దక్షిణం వైపు తిరిగి చంద్రుణ్ని చూస్తాం, వాళ్లు ఉత్తరం వైపు తిరిగి చూస్తారు, తేడా అంతే. చందమామలోని కుందేలు అక్కడ తలకిందులుగా ఉంటుంది. ధ్రువ నక్షత్రం అసలు కనిపించదు. ఉత్తరాయణం మొదలయ్యాక మనకు పగలు పెరుగుతుంటే వాళ్లకు తగ్గుతుంటుంది.

ఇంటి లోపల కూడా ఇలాంటివి ఉన్నాయి. అమెరికాలోని డెన్వర్ సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, పుస్తకంలోని 100 రానే రాదు. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. కాబట్టి 60 వాట్ల బల్బు అక్కడ దాదాపు రెట్టింపు కరెంటు తీసుకుంటుంది, మన పుస్తకంలో లెక్క అలా ఉండదు. మన పుస్తకం మందార పువ్వు కోసి భాగాలు చూడమంటుంది, చలిదేశంలో మందారం ఎక్కడ దొరుకుతుంది? ఇలాంటి చోట పువ్వు మారితే నష్టమేమీ లేదు. పాశ్చాత్య పుస్తకాలు ఆమ్లాలు, క్షారాలు గుర్తించడానికి ఎర్ర క్యాబేజీ రసం చేయమంటాయి. క్షారాన్ని పట్టుకోవడానికి వంటింట్లోని పసుపు చాలు, సబ్బునీళ్లు తగిలితే ఎర్రబడుతుంది.

ఇక ఎంపిక సంగతి. ముందుగా ఉన్న దేశపు చట్టం తెలుసుకోవాలి. జర్మనీలో బడికి వెళ్లడం తప్పనిసరి, బడికి బదులుగా ఇంటి చదువు కుదరదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు చేసుకుంటే చాలు, పుస్తకాలు తల్లిదండ్రుల ఇష్టం. పిల్లలు ఇండియాకు తిరిగొస్తారా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. వచ్చేట్టయితే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వెన్నెముకగా పెట్టుకోవడం మేలు. అవి ఆన్‌లైన్‌లో ఉచితం. పదో తరగతి పరీక్ష కోసం జాతీయ సార్వత్రిక విద్యాలయం, అంటే ఎన్ఐఓఎస్ ఉంది. దానికి 14 ఏళ్లు నిండాలి, తెలుగు మాధ్యమం కూడా ఉంది. తెలుగు తడబడే పిల్లలకు మన రెండు రాష్ట్రాల ద్విభాషా పాఠ్యపుస్తకాలు పనికొస్తాయి. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట చూసి పిల్లలు బెదిరిపోవచ్చు గానీ, విడదీసి చెబితే పాఠమంతా అందులోనే ఉంది.

అయితే పుస్తకంలో ఉన్నదానితో పాటు లేనిదాన్నీ చూడాలి. అమెరికాలో ఇంటి చదువు కోసం అమ్మే సైన్స్ పుస్తకాల్లో కొన్ని, భూమి వయసును కొన్ని వేల ఏళ్లుగా చెబుతాయి. శిలల్లోని రేడియోధార్మిక మూలకాలను కొలిచి తేల్చిన వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. కొనేముందు శిలాజాల అధ్యాయం తిరగేస్తే పుస్తకం రంగు తెలిసిపోతుంది. మన వైపూ ఒక ఖాళీ ఉంది. 2022లో సిలబస్ కుదించినప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామం భాగాన్ని, ఆవర్తన పట్టిక అధ్యాయాన్ని తీసేశారు. అవి ఇంటర్ స్థాయి పుస్తకాల్లో ఉన్నాయి. పదితో సైన్స్ ఆపేసే పిల్లలకు వాటిని ఇంట్లో విడిగా చెప్పుకోవాలి.

చిన్న తరగతులకు నాకు నచ్చినవి ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం తయారుచేసిన 'స్మాల్ సైన్స్' పుస్తకాలు. వాటిలో జవాబుల కంటే 'చూడు, కొలువు, గీయి' అనేవే ఎక్కువ. ఈ దారి కొత్తదేమీ కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలై 2002 దాకా సాగిన సైన్స్ బోధన కార్యక్రమంలో 'బాల్ వైజ్ఞానిక్' అనే పుస్తకాలు వాడారు. పిల్లలు తామే ప్రయోగం చేసి, ఏం కనిపిస్తే అది రాసుకోవాలి. అలాంటి పుస్తకం పిల్లలు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరిదైపోతుంది. ఖరీదైన కిట్ల పెట్టె కొనేముందు ఒక పాఠం తీసి చూడండి. పిల్లలకు వేరే జవాబు వస్తే ఏం చేయాలో అందులో ఉందా? లేకపోతే ఆ డబ్బుతో మంచి అట్లాస్, కొలత టేపు, దిక్సూచి కొనడం నయం.

మావాడికి నేను ఫోన్‌లో వివరించి ఊరుకోలేదు. సెప్టెంబర్ మొదటి వారంలో ఒకే రోజు వాడు అక్కడ, నేను ఇక్కడ మీటరు పొడవు కర్ర నిలబెట్టాం. గడియారంలో పన్నెండు చూసుకోకుండా, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణం పట్టుకున్నాం. రెండు ఊళ్లలోనూ అది పన్నెండుంపావు దాటాకే వచ్చింది. వాడి నీడ దక్షిణానికి 97 సెంటీమీటర్లు, నాది ఉత్తరానికి 19. కాగితం మీద కర్రను, నీడను తగ్గించి గీసి, కోణమానినితో కొలిస్తే వాడికి 44 డిగ్రీలు, నాకు 11 వచ్చాయి. కలిపితే 55. వాడు అట్లాస్ తీసి రెండు ఊళ్ల అక్షాంశాలు కూడాడు: 17.4, 37.8. మొత్తం 55.2.

కాసేపు ఫోన్‌లో మాట లేదు. తర్వాత పెన్సిల్ చప్పుడు వినిపించింది. ఏం రాస్తున్నావని అడిగితే, పుస్తకంలోని బొమ్మ కింద 'ఇది ఢిల్లీ నీడ' అని రాస్తున్నానన్నాడు.