పంచాయతీకి తొలి కెమెరా: నిజము చెప్పు సాక్షి

గ్రామ పంచాయతీకి తీర్మానముల పుస్తకము, కొలతల పుస్తకము ఎంత ముఖ్యమైనవో సభ్యులందరికిని తెలిసినదే. నోటిమాట మరుగున పడవచ్చును గాని వ్రాతలో నున్నది నిలుచును. వ్రాతవలెనే ఛాయాచిత్రము కూడ ఒక సాక్ష్యము. మురుగు కాలువ త్రవ్వకముందు వీధి ఎట్లుండెను? తుపాను మరునాడు ప్రత్తిచేను ఎట్లుండెను? పది పుటల నివేదిక చెప్పలేని జవాబును ఒక్క చిత్రము చెప్పగలదు. అయితే ఆ చిత్రము నిజము చెప్పుట, చెప్పకపోవుట కెమెరాను పట్టినవాని చేతిలో నున్నది.

ఇందుకు మన ప్రాంతముననే ఒక నిదర్శనము కలదు. 1845లో వాల్టర్ ఎలియట్ అను దొర అమరావతి స్తూపమున త్రవ్వకములు జరిపించి, బయల్పడిన శిల్పములను మద్రాసుకు చేర్పించెను. 1858లో కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ వానిని అచ్చటనే ఫొటోలు తీసెను. పిమ్మట వానిలో పెక్కు శిల్పములు లండనుకు తరలిపోయినవి. అయినను, ఆనాడు ఆ రాళ్లు ఏ స్థితిలో నుండెనో ఈనాటి పండితులు ఆ చిత్రములను చూచి తెలిసికొనుచున్నారు. నూట అరువది యేండ్లు దాటినను ఆ సాక్ష్యము చెక్కుచెదరలేదు.

కెమెరా నిర్మాణము

డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు ముందు లెన్సు, దాని వెనుక ఏటవాలుగ అమర్చిన అద్దము, అద్దము వెనుక సెన్సర్ అను ఫలకము ఉండును. లెన్సు గుండ వచ్చిన వెలుతురును అద్దము పైకి మరల్చి మన కంటికి అందించును. కనుక తీయబోవు దృశ్యమునే మనము చూతుము. మీట నొక్కగనే అద్దము పైకి లేచును, షట్టరు తెరచుకొనును, వెలుతురు సెన్సరుపై పడును. పూర్వము ఫిలిము చేసిన పనిని ఇప్పుడు ఈ ఫలకము చేయుచున్నది.

1975లో అమెరికాలోని కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరాను నిర్మించినపుడు ఒక్క చిత్రమును టేపుపై నమోదు చేయుటకు 23 సెకనులు పట్టెను. 1991లో అదే సంస్థ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.ను విక్రయమునకు తెచ్చెను. ఇటీవల తయారీదారులు అద్దము లేని కెమెరాలవైపు మొగ్గుచున్నందున, వాడిన ఎస్.ఎల్.ఆర్.లు తక్కువ ధరకు లభించుచున్నవి. అట్టి దానిని కొనునపుడు లెన్సును వెలుతురున కెదురుగ పట్టి, లోపల బూజు పట్టినదేమో తప్పక చూడవలెను.

సెల్ ఫోనుండగ ఇది యెందులకని కొందరడుగవచ్చును. దీని సెన్సరు ఫోనులోని దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. మసక వెలుతురులో కూడ స్పష్టముగ తీయగలదు. లెన్సును పనికి తగినట్లు మార్చుకొనవచ్చును. అయితే తొలి కెమెరాలుగ కొనువానిలో చాలవరకు స్థలము యొక్క అక్షాంశ రేఖాంశములు నమోదు కావు. అవి కావలసిన ప్రభుత్వ పనులకు ఫోనునే వాడవలెను.

తూము, కాలము, వెలుతురు

పొలమునకు నీరు పెట్టు రైతునకు కెమెరా సంగతి సులభముగ బోధపడును. తూమును ఎంత వెడల్పుగ తెరచితిమి, ఎంతసేపు తెరచి యుంచితిమి అను రెంటినిబట్టి నీరు పారును. కెమెరాలో తూము వెడల్పునకు అపెర్చరు అని పేరు. తెరచి యుంచు కాలమే షట్టరు వేగము. అపెర్చరును ఎఫ్ అను అక్షరముతో చూపుదురు. ఇందొక తిరకాసు కలదు. అంకె పెరిగినకొలది రంధ్రము చిన్నదగును. రంధ్రము చిన్నదైనకొలది దగ్గరివి, దూరమువి కూడ స్పష్టముగ వచ్చును. మూడవది ఐ.ఎస్.ఓ. ఇది వచ్చిన వెలుతురును పెంచదు. అందినదానిని ఎక్కువ చేసి చూపును. దీనిని మితిమీరి పెంచినచో చిత్రముపై ఇసుక చల్లినట్లు గరుకు ఏర్పడును.

కొత్తవారు చక్రమును ఏ లేక ఏ.వి. అను గుర్తుపై నుంచి, అపెర్చరును ఎఫ్ 8గ నిర్ణయించి మొదలుపెట్టుట మంచిది. షట్టరు వేగమును కెమెరాయే చూచుకొనును. మండుటెండలో ఐ.ఎస్.ఓ. 100 చాలును, అపుడు షట్టరు సుమారు సెకనులో 400వ వంతు తెరచుకొనును. చెట్టునీడలో 400, పంచాయతీ కార్యాలయములో 1600 వరకు పెంచవలసి యుండును. షట్టరు కాలము సెకనులో 125వ వంతుకు మించినచో చేతి వణకు చిత్రములో కనబడవచ్చును.

తెల్లని ప్రత్తి, నల్లని రేగడి

మన ప్రాంతమువారు ముఖ్యముగ తెలిసికొనవలసిన సంగతి యిది. కెమెరాలోని వెలుతురు కొలిచెడి సాధనము తాను చూచునదెల్ల నడిమి బూడిద రంగుదని యెంచి లెక్క కట్టును. విచ్చిన ప్రత్తి కుప్పను చూపినచో వెలుతురు ఎక్కువైనదని తలచి తగ్గించును. తెల్లని ప్రత్తి మాసిన గుడ్డవలె వచ్చును. నల్లరేగడి దుక్కిని చూపినచో చీకటి యని తలచి పెంచును. బంగారమువంటి నేల వెలవెలబోయి చవుటి నేలను తలపించును.

ఇది కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు. వానకు తడిసి రంగు మారిన ప్రత్తికిని, మంచి ప్రత్తికిని చిత్రములో భేదము తెలియనిచో నష్టపోయిన రైతు మాటకు బలమేది? కావున కూడిక, తీసివేత గుర్తులున్న మీటతో ప్రత్తికి ఒక మెట్టు పెంచవలెను. రేగడికి ఒక మెట్టు తగ్గించవలెను. మిరప కల్లములో ఎరుపు ముద్దకట్టి, తాలు కాయకు మంచి కాయకు తేడా పోవును. అచట అర మెట్టు తగ్గించుట మేలు. రంగుల అమరికను సూర్యుని గుర్తుపై నుంచవలెను. కల్లమంతయు ఎరుపేయైనపుడు కెమెరా తనంతట తాను రంగును సరిదిద్దబోయి పొరబడవచ్చును.

పనుల నమోదు, పైరుల పరీక్ష

పంచాయతీ పనిని మొదలుపెట్టక ముందు, జరుగుచుండగ, ముగిసిన పిదప ఒకే చోటనుండి తీయవలెను. కెమెరాతో సాధారణముగ వచ్చు లెన్సుపై 18 నుండి 55 వరకు అంకెలుండును. 18 వద్ద మిక్కిలి దగ్గరగ నిలిచి తీసినచో చిన్న గుంట కూడ చెరువువలె కనబడును. 35 దగ్గర నుంచినచో కంటికి తోచినట్లే యుండును. గుంట ప్రక్క కొలబద్దను నిలిపి తీయుట ఉత్తమము. కెమెరాలో తేదీని, సమయమును తొలినాడే సరిచేయవలెను. తేదీ తప్పిన చిత్రము తేదీ లేని దానికంటె ప్రమాదకరము.

పైరులకు తెగులు తగిలినపుడు కూడ చిత్రము ఉపకరించును. 2021లో నల్ల తామరపురుగు మన మిరపతోటల పూతను నాశనము చేసి రైతులకు తీరని నష్టము కలిగించెను. ఆ పురుగు మిల్లీమీటరుకు అటునిటుగ నుండును. సామాన్య లెన్సుకు చక్కగ చిక్కదు. కనుక మొదట చేనంతయు, తరువాత ఒక మొక్క, ఆపైన పువ్వు లోపలి భాగము, ఆకు పైవైపు, అడుగువైపు వరుసగ తీయవలెను. తామరపురుగు ఆశించిన మిరపాకు పైకి ముడుచుకొనును. నల్లి ఆశించినది క్రిందికి ముడుచుకొనును. ఆకును ప్రక్కనుండి తీసిననే ఈ భేదము తెలియును. అట్టి చిత్రములు లాం వ్యవసాయ పరిశోధన స్థానమువంటి చోట్లనున్న శాస్త్రజ్ఞులకు మొక్కతోబాటు చూపినచో, మందు నిర్ణయించుట వారికి సులభమగును.

జాగ్రత్తలు

మిరప కల్లములోను, జిన్నింగు మిల్లులోను లెన్సును ఎన్నడును విప్పరాదు. ధూళి, నూగు సెన్సరుపై చేరును. వేసవిలో కెమెరాను మూసిన వాహనములో విడువరాదు. వానకాలమున తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములతో గాలి చొరని డబ్బాలో భద్రపరచవలెను. కాయ కోయు కూలీలను గాని, ఇంటివారిని గాని వారి యనుమతి లేక తీయుట మర్యాద కాదు. మూల చిత్రమును దిద్దరాదు. రెండు వేర్వేరు చోట్ల ప్రతులుంచవలెను.

కెమెరా కొన్న పంచాయతీ తొలి వారమున చేయదగిన పని యొకటి కలదు. చెరువు కట్ట, బడి, త్రాగునీటి ట్యాంకు, ప్రధాన వీధి, శ్మశానవాటిక దారి, వీనిని నిర్ణయించుకొన్న స్థలములనుండి తీసి, స్థలము, తేదీ వ్రాసి దాచవలెను. ప్రతి యేట అదే మాసమున మరల తీసి గ్రామసభలో ప్రక్కప్రక్కన చూపవలెను. జరిగినదేదో, జరుగవలసినదేదో ప్రజలు తమ కన్నులతో తామే చూతురు. అంతకు మించిన లెక్క చెప్పుట మరియొకటి లేదు.